మంచి సైన్స్ ఫిక్షన్ సిరీస్‌లను మొదటి సీజన్‌లోనే ఎందుకు ఆపేస్తారు?

అనంతపురంలో ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్న ఒకరు అడిగిన ప్రశ్న ఇది: “హాస్టల్లో ఫ్రెండ్స్‌తో కలిసి ‘ఫైర్‌ఫ్లై’ 14 ఎపిసోడ్లూ చూశాం, తర్వాత ‘1899’ చూశాం. రెండూ కథ ఊపందుకునే సమయానికి ఆగిపోయాయి. ఛానెళ్ల వాళ్లకు మంచి కథను గుర్తుపట్టడం చేతకాదా? ‘1899’ రెండో సీజన్ వచ్చే అవకాశం ఏమైనా ఉందా?”

నేను హైదరాబాద్‌లో ఒక తెలుగు వినోద ఛానెల్లో చాలా ఏళ్లు ప్రోగ్రామింగ్, షెడ్యూలింగ్ పనిలో ఉండి, ఇప్పుడు మా అనంతపురానికి వచ్చేశాను. అమెరికా ఛానెళ్లలో పనిచేసినవాణ్ణి కాను. కానీ ఏ దేశంలోనైనా ప్రకటనల మీద బతికే ఛానెల్ తన వారం షెడ్యూల్ నింపుకునే లెక్క ఒకటే కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను. వాళ్లకు మంచి కథను గుర్తుపట్టడం వచ్చు. మీకు నచ్చిన ఆ కథను విని, ఒప్పుకుని, డబ్బు పెట్టింది కూడా వాళ్లే కదా. చిక్కంతా ఎక్కడుందంటే, ఈ రకం సిరీస్‌కి ఖర్చు ముందే పడుతుంది, చూసేవాళ్లు ఆలస్యంగా వస్తారు. ఉంచాలా తీసేయాలా అనే నిర్ణయం ఆ రెండింటికీ మధ్యలో జరిగిపోతుంది.

మన జిల్లాలో బోరు వేయించినవాళ్లకు ఈ పరిస్థితి విడమరిచి చెప్పక్కర్లేదు. నాలుగు వందల అడుగుల దగ్గర కాస్త తడి కనబడుతుంది. ఇంకా దింపమంటారా, ఆపేయమంటారా అని రిగ్గు మీది మనిషి అడుగుతాడు. అడుక్కింత అని లెక్క పెరుగుతూనే ఉంటుంది. నాలుగో ఎపిసోడ్ రేటింగ్ చేతిలో పట్టుకుని ఛానెల్ పెద్ద తీసుకునే నిర్ణయం అచ్చం అలాంటిదే. ఆపేసినచోటికి పది అడుగుల కింద నీళ్లున్నాయో లేదో ఆ తర్వాత ఎవరికీ తెలియదు.

ముందు ఖర్చు సంగతి చూద్దాం. మన డైలీ సీరియల్‌కి కావలసింది ఒక పెద్ద హాలు, పైకి వెళ్లే మెట్లు, వంటగది, పూజగది, రెండు బెడ్‌రూములు. ఒకసారి ఆ ఇల్లు దొరికితే వందల ఎపిసోడ్లు అక్కడే నడుస్తాయి. పండగ వస్తే మామిడి తోరణం కడతారు, పెళ్లి వస్తే పూలు కడతారు, అంతే. అంతరిక్ష నౌక కథకు అలా కుదరదు. తలుపు ఎలా తెరుచుకోవాలి, గ్లాసు ఏ ఆకారంలో ఉండాలి, పాత్రలు తొడుక్కునే చెప్పులు ఎలా ఉండాలి, ప్రతిదీ ఒకరు కూర్చుని గీయాలి, ఇంకొకరు తయారు చేయాలి. బజారులో కొనుక్కొచ్చే వస్తువు దాదాపు ఒక్కటీ ఉండదు. ‘ఫైర్‌ఫ్లై’లో నటులు ఒక గది నుంచి ఇంకో గదికి నడుస్తుంటే కెమెరా కట్ లేకుండా వెంట వెళ్తుంది, గమనించారా? ఆ నౌక లోపలి భాగాన్ని రెండు అంతస్తులుగా నిజంగానే కట్టారు కాబట్టి అది సాధ్యమైంది. ఆ కట్టుబడి ఖర్చును ఏడు సీజన్ల మీద పంచితే ఎపిసోడ్‌కి పడేది కొంచెమే. 14 ఎపిసోడ్ల మీద పంచితే తట్టుకోలేరు. 1978లో అమెరికా ఛానెల్ ఏబీసీ వేసిన మొదటి ‘బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా’కు ఎపిసోడ్‌కి 10 లక్షల డాలర్లకు అటూ ఇటూ అయ్యేది. అప్పటికి అది చాలా పెద్ద మొత్తం. ఆరంభంలో జనం బాగానే చూశారు. తర్వాత రేటింగ్ కాస్త తగ్గింది. మామూలు సీరియల్ అయితే ఆ రేటింగ్‌తో హాయిగా కొనసాగేది. దీన్ని ఒక్క సీజన్‌కే ఆపేశారు.

ఇక రాబడి. మన దగ్గర గంటకు 12 నిమిషాల ప్రకటనలకు మాత్రమే నిబంధన ఒప్పుకుంటుంది. ఆ నిమిషాలను 10 సెకన్ల ముక్కలుగా అమ్ముతారు. ఆ ముక్క రేటు నిర్ణయించేది రేటింగ్. నేను పనిచేసిన చివరి ఏళ్లలో టీవీ రేటింగులు లెక్కించే బార్క్ సంస్థ డేటా గురువారం పూట వచ్చేది. ఆ పొద్దున ఆఫీసులో టీ తాగడానికి కూడా ఎవరూ లేచేవాళ్లు కాదు. డేటా రాగానే మా కార్యక్రమం నంబర్ కన్నా ముందు, అదే సమయంలో పక్క ఛానెల్లో వచ్చినదాని నంబర్ చూసేవాళ్లం. తర్వాత నిమిషానికి నిమిషం గీసిన గ్రాఫ్ తెరిచేవాళ్లం. గీత ఎక్కడ కిందికి పడిందో ఆ నిమిషం రాసుకుని, ఆ టేపు వేసుకుని అక్కడ ఏ సీన్ ఉందో చూసేవాళ్లం. యాడ్ బ్రేక్ దగ్గర పడితే ఎవరూ పట్టించుకోరు. కథ మధ్యలో పడితే మధ్యాహ్నం లోపు రచయితకు ఫోన్ వెళ్లేది.

ఆదివారం పొద్దున పిల్లల కోసం వేసిన ఒక భవిష్యత్ కథ గ్రాఫ్ నాకు బాగా గుర్తుంది. సీరియల్ గ్రాఫ్ ఎగుడుదిగుడుగా ఉంటుంది, జనం వస్తూ పోతూ ఉంటారు. దీనిది మాత్రం మొదటి ఐదు నిమిషాల్లో సగానికి పడిపోయి, అక్కణ్ణుంచి చివరిదాకా బల్లపరుపుగా ఉండేది. అంటే ఉన్నవాళ్లు ఒక్కరూ కదల్లేదన్నమాట, కళ్లార్పకుండా చూశారు. కానీ మధ్యలో వచ్చినవాళ్లు ఎవరూ ఆగలేదు. సీరియల్‌లో మధ్యలో వచ్చిన ఇల్లాలు ఎవరు ఎవరికి కోడలో, ఎవరు ఎవరి మీద కుట్ర చేస్తున్నారో రెండు నిమిషాల్లో పట్టేస్తుంది. భవిష్యత్ కథలో ఆ లోకం నియమాలు తెలియకపోతే ఎవరు ఎందుకు పరిగెడుతున్నారో కూడా అర్థం కాదు. నాకు ఆ బల్లపరుపు గీత చూస్తే సంతోషంగా ఉండేది. యాడ్ సేల్స్ విభాగానికి మాత్రం అందులో అమ్ముకునేది ఏమీ కనబడలేదు. దాన్ని ఆదివారం నుంచి శనివారం మధ్యాహ్నానికి, అక్కణ్ణుంచి ఇంకో సమయానికి మార్చారు. చూస్తున్న పిల్లలకు అది ఎప్పుడొస్తుందో తెలియకుండా పోయింది. తర్వాత ఆపేశారు. షూట్ అయిపోయిన ఎపిసోడ్లు కొన్ని లైబ్రరీలో టేపుల మీదే ఉండిపోయాయి.

ఆ రేటింగ్ కూడా మనందరినీ లెక్కపెట్టి తీసింది కాదు. 2020లో దేశంలో సుమారు 21 కోట్ల ఇళ్లలో టీవీలుంటే, బార్క్ మీటర్లు పెట్టింది 44,000 ఇళ్లలో. పది కోట్ల మంది చూసే కార్యక్రమానికి ఆ నమూనా బాగా సరిపోతుంది. ఎక్కడో కొన్ని ఇళ్లలో ప్రాణం పెట్టి చూసే కార్యక్రమానికి, ఆ కొన్ని ఇళ్లలో ఒకటో రెండో మీటరు ఉన్నాయా లేవా అన్నదాని మీద నంబర్ ఊగుతుంది. పైగా ప్రాణం పెట్టి చూసినవాడికీ, కూరగాయలు తరుగుతూ టీవీ పెట్టుకున్నవాళ్లకూ మీటరులో విలువ ఒకటే.

ఇప్పుడు ‘ఫైర్‌ఫ్లై’ దగ్గరికి వద్దాం. ఇదంతా దాని విషయంలో కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. సిరీస్ సృష్టికర్త జాస్ వీడన్ రాసిన రెండు గంటల తొలి ఎపిసోడ్ ఫాక్స్ ఛానెల్‌కు నెమ్మదిగా ఉందనిపించింది. యాక్షన్ ఎక్కువున్న ఇంకోటి కావాలన్నారు. వీడన్, మరో రచయిత టిమ్ మినియర్ కూర్చుని హడావిడిగా రైలు దోపిడీ ఎపిసోడ్ రాశారు. 2002 సెప్టెంబర్ 20న ముందుగా అదే ప్రసారమైంది. పాత్రలు ఎవరు, ఆ నౌకలోకి ఎలా వచ్చారు, ఆ అన్నాచెల్లెళ్లు ఎవరి నుంచి పారిపోతున్నారు అని చెప్పే అసలు తొలి ఎపిసోడ్ డిసెంబర్ 20న వచ్చింది, అప్పటికే సిరీస్‌ను ఆపేయాలని నిర్ణయం అయిపోయింది. మిగతావి కూడా వరస తప్పి వచ్చాయి. మధ్యలో బేస్‌బాల్ మ్యాచ్‌ల కోసం కొన్ని వారాలు ఎగరగొట్టారు. 14 తీస్తే ఆ దఫాలో ప్రసారమైంది 11. అంతా శుక్రవారం రాత్రి 8 గంటలకు. ఎవరు ఏ కుట్రా చేయనక్కర్లేదు, ఇలాంటి షెడ్యూల్ చాలు ఏ సిరీస్‌నైనా చంపడానికి.

శుక్రవారం రాత్రి అంటే ఏమిటో కాస్త చెప్పాలి. అమెరికాలో ప్రకటనదారులు ఎక్కువ డబ్బు ఇచ్చేది 18 నుంచి 49 ఏళ్ల మధ్య వాళ్ల కోసం. వాళ్లలో చాలామంది శుక్రవారం రాత్రి ఇంట్లో ఉండరు. సైన్స్ ఫిక్షన్ చూసే కుర్రాళ్లు అసలే ఉండరు. 1968లో ఎన్‌బీసీ ‘స్టార్ ట్రెక్’ మూడో సీజన్‌ను శుక్రవారం రాత్రి 10 గంటలకు తోసింది. అంతకు ముందు ఆ సిరీస్‌ను కాపాడమని బీజో ట్రింబుల్, జాన్ ట్రింబుల్ దంపతుల చొరవతో అభిమానులు కుప్పలుగా ఉత్తరాలు రాశారు కాబట్టే ఆ మూడో సీజన్ అయినా వచ్చింది. బడ్జెట్ కోశారు, 1969లో ఆపేశారు. మొత్తం 79 ఎపిసోడ్లు.

ఆ తర్వాత జరిగింది మీరు బాగా గమనించాల్సిన విషయం. ఆ 79 ఎపిసోడ్లను ఊరూరా ఉన్న స్థానిక స్టేషన్లు కొనుక్కుని, స్కూలు, కాలేజీ వదిలిన సాయంత్రం వేళల్లో రోజూ మళ్లీ మళ్లీ వేశాయి. జనం అప్పుడు వచ్చారు. సినిమాలు, కొత్త సిరీస్‌లు అన్నీ ఆ రీరన్ల పుణ్యమే. కానీ దాన్ని మొదట తీసిన డెసిలు స్టూడియో 1967లోనే వేరేవాళ్ల చేతికి పోయింది. పెట్టుబడి పెట్టినవాళ్లకూ పంట అనుభవించినవాళ్లకూ సంబంధం లేకుండా పోయింది. అమెరికా టీవీలో ఛానెల్ ఇచ్చే ప్రసార రుసుము చాలాసార్లు తీసే ఖర్చుకు సరిపోదు, మిగతాది స్టూడియో భరిస్తుంది. 100కు దగ్గర్లో ఎపిసోడ్లు పోగైతే రీరన్ల హక్కులు అమ్మి ఆ లోటు పూడ్చుకుంటుంది. అంటే 14 ఎపిసోడ్లు ఎంత గొప్పవైనా రీరన్ బజారులో వాటికి ధర రాదు. సరిగ్గా ఈ లెక్కే ‘ఫ్రింజ్’ను బతికించింది. అది కూడా ఫాక్స్‌లోనే, శుక్రవారమే, రేటింగ్ అంతంతమాత్రమే. దాని వల్ల నష్టపోతున్నామని ఛానెల్ పెద్ద కెవిన్ రైలీ 2012లో బయటికే చెప్పారు. అయినా చివరికి 13 ఎపిసోడ్ల ఐదో సీజన్ ఇచ్చారు, 2013 జనవరిలో సరిగ్గా 100 ఎపిసోడ్లతో కథ ముగిసింది. తీసిన స్టూడియోకు ఆ వంద చాలా అవసరం. అందుకే రెండు పక్షాలూ ఒక ధర దగ్గర కలిశాయి.

ఆగిపోయినవన్నీ గొప్పవేనని మాత్రం నేను అనను. 2004లో ‘లాస్ట్’ పెద్ద హిట్ కాగానే ప్రతి ఛానెల్ ఒక రహస్యాల కథ కోసం పరుగెత్తింది. ఆ మరుసటి ఏడాదే ఏబీసీ ‘ఇన్వేజన్’, ఎన్‌బీసీ ‘సర్ఫేస్’, సీబీఎస్ ‘త్రెషోల్డ్’ వేశాయి. మూడూ గ్రహాంతరవాసుల చుట్టూనో అంతుచిక్కని జీవుల చుట్టూనో తిరిగే కథలే, మూడూ ఒక్క సీజన్‌కే ఆగాయి. ఒకే ఏడాది ఒకే రకం కథను మూడు చోట్ల చూసే ఓపిక జనానికి ఎక్కడిది? 2009లో వచ్చిన ‘ఫ్లాష్‌ఫార్వర్డ్’ది ఇంకో కథ. బాగా మొదలైంది. డిసెంబర్ నుంచి మార్చి దాకా మూడు నెలలకు పైగా విరామం ఇచ్చారు. వారం వారం గుర్తుపెట్టుకోవాల్సిన చిక్కుముడి కథను అన్నాళ్లు వదిలేస్తే ఎవరికి గుర్తుంటుంది? తిరిగి వచ్చేసరికి జనం లేరు. మన దగ్గర కూడా క్రికెట్ సీజన్‌లో ఇదే జరిగేది. నేను పదే పదే చెప్పేవాణ్ణి, కథను ఒక్కసారి కొత్త సమయానికి మార్చినా జనం వస్తారు, ఆపి మొదలుపెడితే రారు అని.

అభిమానుల పోరాటాల గురించి అడుగుతారు కాబట్టి ఒకటి చెప్తాను. మన జిల్లా వాళ్లకు ఇది తెలియాలి. 2007లో సీబీఎస్ ‘జెరికో’ను మొదటి సీజన్‌కే ఆపేసింది. అణుబాంబు దాడి తర్వాత ఒక చిన్న ఊరు ఎలా బతికిందన్న కథ అది. చివరి ఎపిసోడ్‌లో హీరో ‘నట్స్’ అని ఎదురు తిరుగుతాడు. అభిమానులు ఆ మాట పట్టుకుని ఛానెల్ ఆఫీసుకు చెనిక్కాయలు పంపారు, 20 టన్నులకు పైనే. మన మార్కెట్ యార్డు లెక్కన రెండు లారీల లోడు. ఛానెల్ దిగొచ్చింది, 7 ఎపిసోడ్లతో రెండో సీజన్ ఇచ్చింది. అయితే ప్రసారమయ్యే సమయానికే చూడండి, కొత్తవాళ్లను తీసుకురండి అని ఛానెల్ అధ్యక్షురాలు నీనా టాస్లర్ అభిమానులను కోరారు. ఆ కోరిక చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఉన్న అభిమానుల ప్రేమ మీద వాళ్లకు ఏ అనుమానమూ లేదు, ఆ ప్రేమకు మీటరులో లెక్క లేదు. కొత్తవాళ్లు రాలేదు, 2008లో మళ్లీ ఆగింది.

మన దేశంలో ఈ కథే వేరేగా నడిచింది. దూరదర్శన్‌లో ‘స్పేస్ సిటీ సిగ్మా’ వచ్చింది, 1998లో మిలింద్ సోమన్ హీరోగా కేతన్ మెహతా ‘కెప్టెన్ వ్యోమ్’ వచ్చింది. అప్పటి స్పాన్సర్డ్ పద్ధతిలో నిర్మాతే దూరదర్శన్‌కు ప్రసార రుసుము కట్టి, బదులుగా వచ్చిన ప్రకటనల సమయాన్ని తానే అమ్ముకోవాలి. గ్రాఫిక్స్ ఖర్చూ ఆయనదే, ప్రకటనలు అమ్ముడుపోని నష్టమూ ఆయనదే. ‘శక్తిమాన్’ అంతటి జనాదరణ ఉన్నదానికే ఆ రుసుము పెంచుకుంటూ పోవడం భారమైందని ముఖేష్ ఖన్నా ఇంటర్వ్యూలలో చెప్పారు. ఇక తెలుగు ప్రైవేటు ఛానెళ్లలో రోజుకో ఎపిసోడ్ పద్ధతి వచ్చాక, ఒక్క షాట్ గ్రాఫిక్స్‌కు రోజులు పట్టే కథను ఎవరూ ముట్టుకోలేదు. తెలుగువాళ్లకు సైన్స్ ఫిక్షన్ ఎక్కదు అని మీటింగుల్లో అనేవాళ్లు. నేను దాన్ని ఎప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. మాయలు, లోకాంతరాలు, కాలం తలకిందులు కావడం విని పెరిగిన జనం మనవాళ్లు. ఎక్కనిది ఆ కథను సోమవారం నుంచి శనివారం దాకా రోజూ తీయమనే లెక్కకు.

మీ రెండో సిరీస్ నెట్‌ఫ్లిక్స్‌ది. అక్కడ మొదట్లో ప్రకటనలే లేవు, శుక్రవారం రాత్రి లేదు. అందుకే స్ట్రీమింగ్ వచ్చినప్పుడు ఈ కథలకు మంచి రోజులు వచ్చాయని చాలామంది అనుకున్నారు, నేనూ సంతోషించాను. అక్కడ లెక్క వేరే రూపంలో వచ్చింది. ఎంతమంది మొదలుపెట్టారు, ఎంతమంది చివరిదాకా చూశారు అన్నది మొదటి 7 రోజులకు, మొదటి 28 రోజులకు చూస్తామని నెట్‌ఫ్లిక్స్ 2019లో బ్రిటన్ పార్లమెంటు కమిటీకి రాసింది. ‘1899’ 2022 నవంబర్ 17న వచ్చింది. మొదటి నాలుగు రోజుల్లోనే ప్రపంచమంతా కలిసి సుమారు 7.9 కోట్ల గంటలు చూసింది. 2023 జనవరి 2న, అంటే ఏడు వారాలు కూడా తిరగక ముందే, సిరీస్ ఆగిపోయిందని సృష్టికర్తలు బారన్ బో ఓడర్, యాంట్యే ఫ్రీజే ప్రకటించారు. మొదలుపెట్టినవాళ్లు కోట్లలో ఉన్నా ముగించినవాళ్లు తక్కువైతే రెండో సీజన్‌కు చూసేవాళ్లు ఇంకా తగ్గుతారని లెక్క. ఖర్చేమో సీజన్ సీజన్‌కూ పెరుగుతుంది, నటులకు పెంచాలి, రచయితలకు పెంచాలి.

ఇక్కడ ఒక దుర్మార్గమైన వలయం ఉంది, దీని గురించి నాకు నిజంగా బాధ. మధ్యలో ఆపేస్తారేమోనని జనం పూర్తయ్యేదాకా ఆగుదాం అనుకుంటారు. మీ హాస్టల్లోనే అలాంటివాళ్లు ఉండి ఉంటారు. వాళ్లు ఆగడం వల్ల మొదటి నెల లెక్క తగ్గుతుంది. లెక్క తగ్గిందని ఆపేస్తారు. ‘ది ఓఏ’, ‘ఆల్టర్డ్ కార్బన్’ రెండేసి సీజన్లకు ఆగడం చూసినవాడు కొత్తదాన్ని మొదటి నెలలో ఎందుకు మొదలుపెడతాడు? ప్రతి రద్దు తర్వాతి సిరీస్‌కు కొందరు ప్రేక్షకులను ముందే తీసేస్తోంది. ‘సెన్స్8’ను 2017లో ఆపేసి, గొడవ జరిగాక 2018లో రెండున్నర గంటల ముగింపు ఎపిసోడ్ ఇచ్చారు. నా అభిప్రాయంలో ఇది ప్రతి సిరీస్ ఒప్పందంలోనే ఉండాలి: ఆపేస్తే ఒక ముగింపు ఎపిసోడ్‌కు డబ్బు ముందే పక్కన పెట్టాలి. దాంతో చూసేవాడికి భరోసా ఉంటుంది, లైబ్రరీలో ఆ సిరీస్ విలువా నిలుస్తుంది.

‘1899’ రెండో సీజన్ సంగతి. ఆగిన సిరీస్ మళ్లీ లేవాలంటే రెండు కావాలి: హక్కులు ఆపేసినవాడి చేతిలో ఉండకూడదు, నటులు చెదిరిపోకూడదు. 2018 మే 11న సైఫై ఛానెల్ ‘ది ఎక్స్‌పాన్స్’ను మూడో సీజన్‌తో ఆపేసింది. ఆ ఛానెల్‌కు ఉన్నది అమెరికాలో మొదటి టీవీ ప్రసార హక్కు మాత్రమే. సిరీస్ తీసిన ఆల్కన్ సంస్థ చేతిలో మిగతావి ఉన్నాయి. అభిమానులు అమెజాన్ స్టూడియోస్ మీదుగా బ్యానర్ కట్టిన విమానం ఎగరేశారు. విమానం సంగతి అందరూ చెప్పుకుంటారు, కానీ ఆ హక్కుల ఏర్పాటు లేకపోతే అది ఎంత ఎగిరినా ఫలితం ఉండేది కాదు. మే 25న అమెజాన్ తీసుకుంది, ఇంకో మూడు సీజన్లు వచ్చాయి. అంతా రెండు వారాల్లో అయిపోయింది, ఎందుకంటే అమెరికాలో నటుల ఒప్పందాల గడువు మామూలుగా జూన్ 30తో ముగుస్తుంది. ఆ తేదీ దాటితే ఎవరి దారి వాళ్లది.

‘1899’ నెట్‌ఫ్లిక్స్ ఒరిజినల్. నెట్‌ఫ్లిక్స్‌ను కాదని వేరేవాళ్లు తీసుకోవడం దాదాపు కుదరని పని. వివిధ దేశాల నుంచి, వివిధ భాషల నుంచి వచ్చిన నటులను మళ్లీ ఒకచోటికి చేర్చడమూ కష్టమే. కాబట్టి దాని కోసం ఎదురుచూడకండి. అదే ఇద్దరు తీసిన ‘డార్క్’ 2017 నుంచి 2020 దాకా మూడు సీజన్లతో పూర్తిగా ముగిసిన కథ. ఇంకా చూసి ఉండకపోతే దాంతో మొదలుపెట్టండి, జర్మన్ భాషలోనే సబ్‌టైటిల్స్ పెట్టుకుని, ఎవరు ఎవరికి ఏమవుతారో ఒక కాగితం మీద రాసుకుంటూ చూడండి.